అడ్డసరం కొమ్మ

లేత కొమ్మ తుంచకు మస్తానమ్మా,
నీళ్ళు చూసి మురిసిపోయి
నాలుగో రోజుకే కుళ్ళిపోద్ది.
మరీ ముదురుదీ వద్దు, అది ఇక కట్టె.
ఇదిగో, ఈ నడిమిది చూడు,
కింద చెక్క రంగు, పైన ఇంకా పచ్చన.
పెన్సిలంత లావు, మూడు కణుపులు.
కింది కోత ఏటవాలుగా,
పై కోత తిన్నగా.
ఎందుకో చెప్తా.

తవమణి పాట్టి నాకిచ్చినప్పుడు
రెండు కొసలూ ఒకేలా కోసింది.
నేను తలకిందులుగా నాటాను.
పన్నెండు రోజులు
ఆకాశంలోకి వేరు దించాలని చూసి చూసి
ఎండిపోయింది ఆ కొమ్మ.
పాట్టి వచ్చి చూసింది, నవ్వలేదు.
ఊరు మారినోళ్ళకి
ఏది కిందో ఏది పైనో తెలియడానికి
కొన్నాళ్ళు పడుతుందంది.
అప్పటికి నాకు అరవం సగమే వచ్చు,
మిగతా సగం ఆ కొమ్మని చూసి అర్థం చేసుకున్నా.

ఆడు అంటే మేక, తొడా అంటే ముట్టదు,
అందుకని ఆడాతొడై అంటారిక్కడ.
మా గూడూరు వైపు అడ్డసరం,
చేనుకి అడ్డంగా నాటితే గొడ్డు దాటదు.
మేక ముట్టనిది, గొడ్డు దాటనిది,
ఈ తండయార్‌పేట బొగ్గుపొడికి మాత్రం
దారి ఇచ్చేసింది.
ఆకు మీద వేలుతో నీ పేరు రాయొచ్చు, చూడు.
మూడు నీళ్ళు కడుగుతా.
మొదటిది నలుపు, రెండోది బూడిద,
మూడోది చూడను, స్టవ్ వెలిగిస్తా.

మా పెంచలయ్య హార్బర్లో బొగ్గు దించిన
పద్దెనిమిదేళ్ళూ ఈ ఆకే.
ఏడాకులు, నాలుగు మిరియాలు,
గ్లాసున్నర నీళ్ళు ముప్పావు అయ్యేదాకా.
చేదుకి మొహం తిప్పి
"నీ వంటే నయం" అనేవాడు.
దగ్గు పోయిందా అంటే, పోలేదు.
స్టాన్లీలో ఫోటో తీసి మాత్రలిచ్చారు, అవీ మింగాడు.
రాత్రిపూట మాత్రం
దగ్గుకీ దగ్గుకీ మధ్య
ఇంత నిద్ర దొరికేది, మా ఇద్దరికీ.
ఆ నిద్ర కోసమే
మెట్రో లారీ రాని రోజు కూడా
బియ్యం కడిగిన నీళ్ళు పోశాను దీనికి.

పువ్వా? పొంగల్ చలికి పూస్తుంది.
తెల్లగా, ఆవలించే పిల్లిలా,
నోట్లో ఊదా గీతలు.
కింది పోర్షన్ పిల్లోడు యోగేష్
ఒక్కోటి పీకి తేనె చీకుతాడు.
ఆకంత చేదు కదా, తీపి ఎట్ట వచ్చిందని అడిగాడు.
తేనెటీగని అడగమన్నా.
కుట్టించుకొని వచ్చాడు.

సరే, నూనె ప్యాకెట్ కోసి అడుగున చిల్లు పెట్టు.
ఇసక సగం, ఎర్రమట్టి సగం.
రెండు కణుపులు లోపల, ఒకటి బయట.
ఎండ తగలనియ్యకు, తడి ఆరనియ్యకు.
రోజూ పీకి చూడకు,
నేను చూసి మూడు చంపాను.
చిగురేసిందని బతికిందనుకోకు,
ఒంట్లో దాచుకున్న సత్తువతో కూడా
చిగురేస్తుంది మోసగత్తె.
మెల్లిగా లాగితే చేతికి రాకుండా
పట్టుకుంటుంది చూడు, అప్పుడు.

టీ కొట్టు వెనకది దీని పిల్లే.
రేషన్ షాపు గోడకి రెండు,
కాశిమేడు వలలు కుట్టేవాళ్ళ దగ్గరొకటి.
పెంచలయ్య పోయిన ఏడు మాత్రం
ఎవరికీ ఇవ్వలేదు.
కత్తెర కనపడలేదని చెప్పాను.

ఏంటి, ఆకులు కూడా కావాలా?
దగ్గు నీకేనా?
ఆగు.
ఇందాకట్నుంచి చూస్తున్నా,
కొమ్మ పట్టుకోని చెయ్యి
పొట్ట మీద ఉంది నీకు.
ఎన్నో నెల?

అయితే ఆకు ఇవ్వను.
కడుపుతో ఉన్నోళ్ళకి ఇది కూడదు,
గర్భసంచిని బిగిస్తుంది.
కాన్పయ్యేదాకా మా అమ్మమ్మ
దీన్ని గడప దాటనిచ్చేది కాదు.
రేపే ఆసుపత్రికి పో,
నర్సమ్మ పుష్కలని అడుగు.
నా పేరు చెప్పు.
చెప్పకపోయినా చూస్తుంది.

కొమ్మ తీసుకుపో కానీ.
ఇది వేరు పట్టి, పొద కట్టి,
ఆకు కోతకొచ్చేసరికి
నీ ఒళ్ళో పిల్ల ఉంటుంది.
దానికి దగ్గు రాకూడదనే మొక్కుకుంటా,
ఈ గాలి సంగతి నీకు తెలియంది కాదు.

ఏటవాలు కోత కిందికి, మస్తానమ్మా.
మెట్లెక్కేలోపు మర్చిపోతావు,
ఇలా ఇవ్వు, ఎర్ర దారం కడతా.